మస్కట్ తాళం

మా ఊళ్లో ఒక మాట ఉంది. పెద్దవ్వ వస్తుందంటే ముందు తాళంచెవి వస్తుంది, దాని వెనకాల పెద్దవ్వ వస్తుంది అని. ఆ పెద్దవ్వను నేనే. మా అత్తకు పెద్దకోడలినని చిన్నప్పటినుంచే ఆ పేరు పడిపోయింది. చెవి మాటంటారా, అదీ అబద్ధం కాదు. నడుముకు నల్లదారం, దారానికి చెవి. స్నానానికి పోయినా తీయను. ఒకసారి కామారెడ్డిలో నడుముకు ఎక్స్‌రే తీస్తాం, ఒంటి మీద ఇనుము, బంగారం ఏదీ ఉండొద్దు అన్నారు. పుస్తెలతాడు తీసి మా బిడ్డ రేఖ చేతిలో పెట్టాను గానీ చెవిని మాత్రం వదల్లేదు, చీర కుచ్చిళ్లలో దోపుకుని పడుకున్నాను. డాక్టరు ఆ ఫిలింను వెలుగుకు పెట్టి ఎముకలు లెక్కపెట్టినట్టు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, "పెద్దమ్మా, అందరికన్నా నీకు ఒక బొక్క ఎక్కువున్నదే!" అన్నాడు.

ఆ చెవి ఒక రేకు పెట్టెది. పెట్టె నా పెళ్లినాటిది. మూత మీద రెండు చిలకలు ఉండేవి, ఇప్పుడు ఒకటిన్నరే మిగిలింది. తాళం మాత్రం మస్కట్‌ది. ఇత్తడిది, పెద్ద ఉల్లిగడ్డంత ఉంటుంది. ఆ పెట్టెలో ఏముందో తెలుసుకోవాలని ఊళ్లో అందరికీ ఆశే. కొందరు బంగారం అన్నారు, కొందరు మా అత్త దాచిన నిజాం కాలం రూపాయలు అన్నారు. మీకు మాత్రం ముందే చెప్పేస్తున్నాను, మనసులో పెట్టుకోండి. అందులో ఉన్నది మా ఆయన పాస్‌పోర్టు. ఆయన పదిహేడేళ్ల కింద కామారెడ్డి బస్సులో పోగొట్టుకున్న పాస్‌పోర్టు.

మా ఆయన పేరు పర్శరాములు. మస్కట్‌లో పదకొండేళ్లు కావలి పని చేశాడు. ఏదో పెద్ద గోదాము, దాని గేటు ముందర కుర్చీ, కుర్చీలో మా ఆయన. రెండేళ్లకోసారి రెండు నెలలు వచ్చేవాడు. మొదటి నెలంతా చుట్టాలూ పక్కాలూ ఆయనను పంచుకునేవాళ్లు. రెండో నెల తిరిగి పోవడానికి సర్దుకోవడంతోనే సరిపోయేది. నా వంతుకు వచ్చింది ఆయన గురక ఒక్కటే.

నవ్వకండి. ఆయన లేని పదకొండేళ్లు నేను తలుపుకు గడియ పెట్టి, గడియకు రోకలి అడ్డం పెట్టి, రోకలికి బిందె ఆనించి పడుకున్నాను. పిల్లి తోక తగిలినా లేచి కూర్చునేదాన్ని. ఎల్లారెడ్డి నుంచి మా ఊరికి అప్పట్లో సరైన రోడ్డు లేదు. వానాకాలం ఒంటరి ఆడదాని ఇంటికి గాలి కూడా కొంచెం ఎక్కువగానే కొడుతుంది. ఆయన ఉన్న రెండు నెలలు మాత్రం గడియ పెట్టడం కూడా మరచిపోయేదాన్ని. ఆ గురక వినిపిస్తే ఇంటికి నాలుగు గోడలూ ఉన్నట్టు. వినిపించకపోతే మూడే.

ఆఖరిసారి వచ్చినప్పుడు ఆయన ఈ తాళం తెచ్చాడు. తక్కిన ఆడవాళ్ల మగళ్లు అత్తరు సీసాలు తెచ్చారు, పులిబొమ్మ దుప్పట్లు తెచ్చారు. నా మగడు తాళం తెచ్చాడు.

"మా గోదాముకు గిసుంటిదే ఏస్తరు. ఏనుగు గుంజినా ఊడదు," అని రెండు చెవులు నా చేతిలో పోశాడు.

"గంత సొమ్ము ఏమున్నదయ్యా మనింట్ల, దాసుకునెతందుకు?" అని నేను దాన్ని అటక మీద పడేశాను.

తిరుగు ప్రయాణం దగ్గర పడింది. వీసా పనికి పాస్‌పోర్టు పట్టుకుని రమ్మని కామారెడ్డి నుంచి కబురొచ్చింది. ఆ పొద్దున ఆయన బోరు దగ్గరికి స్నానానికి పోయాడు. ఆయన సంచి గోడకు వేలాడుతోంది. నా చంకలో రేఖ కూతురు అనిల ఉంది, అప్పటికి రెండేళ్ల పిల్ల. నేను ఆ సంచి వైపు చూశాను. అనిల కూడా చూసింది. తర్వాత ఎట్లా చేశానో నాకే తెలియదు. ఆ నీలం బుక్కు తీశాను, పాత చీర పీలికలో చుట్టాను, పెట్టెలో అడుగున పెట్టాను. అటక మీది తాళం దించి వేసేశాను. ఒక చెవి నడుముకు కట్టాను. రెండోది నీళ్లకు పోయినప్పుడు బావిలో వేశాను. సాక్షి ఉంది గానీ, సాక్షికి అప్పటికి 'పాలు', 'బువ్వ' తప్ప మాటలు రావు.

మధ్యాహ్నానికి ఆయన కామారెడ్డి నుంచి తిరిగొచ్చాడు. ముఖం వాడిన ఆకులా ఉంది.

"పాస్‌పోర్టు పోయింది. బస్సులనే పడ్డట్టున్నది."

"అయ్యో, అయ్యో! గా బస్టాండుల దొంగలు మస్తున్నరట గదయ్యా," అని నేను గుండె బాదుకున్నాను. నిజంగానే బాదుకున్నాను. రెండు రోజులు నొప్పి పెట్టింది.

ఆయన మూడు రోజులు బస్టాండుకు పోయి కనిపించిన కండక్టరునల్లా అడిగాడు. ఠాణాలో కాగితం రాసిస్తే కొత్తది ఇస్తారని ఎవరో చెప్పారు. దానికోసమని పొద్దున్నే పోయేవాడు. సాయంత్రం మిర్చి బజ్జీల పొట్లంతో వచ్చేవాడు. కాగితం మాత్రం రాలేదు. "ఇయ్యాల పొద్దు గూకింది, రేపు పోత," అనేవాడు. అట్లా ఆరు నెలలు రేపు రేపంటూనే గడిచాయి. నేను ఆ బజ్జీలు తింటూ, ఈ మనిషి బద్ధకమే నన్ను కాపాడింది అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఆయన, "యములాడ రాజన్నకు కోడె మొక్కిన," అన్నాడు.  వెంటనే నేను కూడా మనసులో మొక్కాను. తండ్రీ, అది ఆయనకు దొరకకుండా చూడు, నీకు కోడెను కట్టుకుంటాను అని. ఒకే ఇంటి నుంచి ఒకే దేవుడికి, ఒకదానికొకటి ఎదురుగా రెండు అర్జీలు. దేవుడు నా అర్జీకే ముద్ర కొట్టాడు. ఏడాది తిరిగేలోపు వేములవాడ పోయి కోడె మొక్కు చెల్లించాను.

"ఏం మొక్కినవే?" అని అడిగాడు మా ఆయన.

"మోకాళ్ల నొప్పులకు," అన్నాను.

దేవుడి గుడిలో అబద్ధమాడితే ఊరికే పోతుందా? మరుసటి ఏడాదే నిజంగా మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి.

ఇక అప్పటినుంచి ఆయన ఇంట్లోనే. రెండెకరాలు, రెండు బర్లు, కట్ట బీడీలు, ఆ గురక. నాకు లోటేం లేదు. ఒక్కటే ముల్లు. ఎప్పుడు పోట్లాట వచ్చినా, "గా పాస్‌పోర్టు పోకుంటే నేను ఇయ్యాల షేకు లెక్క ఉందును," అనేవాడు. ఆ మాట వింటే నా నోరు కుట్టేసినట్టు అయ్యేది. తప్పు చేసినదాన్ని కదా. ఆ పూట రెండు కోడిగుడ్లు ఎక్కువ వేసి కూర వండేదాన్ని.

పెట్టెను ఏడాదికి రెండుసార్లు తెరిచేదాన్ని, పండుగ చీరకోసం. ఆ అడుగున ఉన్న పీలికను ముట్టుకునేదాన్ని కాదు, ఉందా లేదా అని చూసి మూసేసేదాన్ని. అంత పాత పెట్టెలో ఒక్క చెద లేదు, ఒక్క పురుగు లేదు. పక్క తండా నుంచి గోరి అని నా దోస్తు రోజూ వస్తుంది, నాట్లకూ కలుపుకూ ఇద్దరం కలిసే పోతాం. ఆమెకు గొప్పలు చెప్పేదాన్ని, "చూడే, మస్కట్ తాళం పవరు! పురుగు గూడ లోపటికి వస్తలేదు," అని.

ఇట్లా ఉండగా మొన్న ఆషాఢంలో ఊరు విడవాలని పెద్దలు నిర్ణయించారు.

మా దగ్గర అదొక పద్ధతి. ఊరికి పీడ పట్టిందనుకుంటే ఒక రోజంతా ఊరును వదిలేస్తారు. పొద్దు పొడవకముందే మనిషి, గొడ్డు, మేక, కోడి అందరూ బయటికి పోవాలి. పొలాల దగ్గర వండుకుని తిని, పొద్దు గూకాక రావాలి. ఆ పగలంతా పోచమ్మ తల్లి ఒక్కతే ఊళ్లో తిరుగుతుంది. ప్రతి ఇంట్లోకీ పోయి, మూలమూలా చూసి, పీడను ఊడ్చుకుని పోతుంది. అందుకని తలుపులు బార్లా తెరిచి ఉంచాలి. ఇంట్లో దేనికీ తాళం ఉండకూడదు. తాళం అడ్డమొస్తే ఆ పీడ అక్కడే ఆగిపోయి మళ్లీ ఊరంతటికీ అంటుకుంటుంది. కిందటిసారి విడిచింది ఇరవై ఏళ్ల కింద. అప్పుడు నాకు తాళమూ లేదు, చింతా లేదు. ఈసారి బర్లకు ఒంటినిండా గడ్డలు లేచాయి, ఎల్లారెడ్డి మలుపు దగ్గర వరసగా మూడు బండ్లు పడ్డాయి. ఇంకేం, విడవాల్సిందే అన్నారు.

ఊరి పెద్ద బాలమల్లు బండికి మైకు కట్టుకుని వాడవాడ తిరిగి చెప్పాడు.

"తలుపుకు తాళముండద్దు! బీరువకు ఉండద్దు! పెట్టెకు ఉండద్దు! ఇన్నరా? పెట్టెకు ఉండద్దు!"

మా ఇంటి ముందుకు వచ్చినప్పుడు ఆ పెట్టె మాట రెండుసార్లు ఎందుకన్నాడో నాకు అర్థం కాలేదనుకున్నారా?

ముందు రోజు మధ్యాహ్నం అనిల కామారెడ్డి నుంచి వచ్చింది. అక్కడ డిగ్రీ చదువుతోంది. నేను ఒక ఉపాయం ఆలోచించాను. పాస్‌పోర్టును తీసి నా ఒంటిమీదే కట్టుకుని, పెట్టెను తెరిచి పెట్టేసి పోతే సరి. కానీ తీయడానికి సందు దొరకాలి కదా! ఎన్నడూ లేనిది ఆ రోజు మా ఆయన మంచం ఈడ్చుకొచ్చి సరిగ్గా పెట్టె పక్కన వేసుకున్నాడు.

"గీడెందుకయ్యా, ఉడుకపోస్తది. బయటేసుకో."

"గాలి గీడనే మంచిగ వస్తున్నది."

మూలకు గాలి ఎక్కడిది? పొద్దు గూకేదాకా కదలలేదు. కాళ్లు చాపి పెట్టె మీద కూడా పెట్టాడు.

ఇక చేసేది లేక తెల్లారగట్ల అందరూ బయలుదేరే హడావుడిలో ఆ పెట్టె మీద మూడు బొంతలు కప్పాను, బొంతల మీద ఉల్లిగడ్డల గంప పెట్టాను. పోచమ్మా, నువ్వూ ఆడదానివే, నా కడుపులో మాట నీకు తెలియనిదా, ఈ ఒక్క మూల చూడకుండా పో తల్లీ, అని దండం పెట్టి బయటపడ్డాను.

వాగు పక్కన మామిడితోటలో ఊరు ఊరంతా దిగింది. ఎవరి మూడు రాళ్లు వాళ్లు పెట్టుకున్నారు, ఎవరి గిన్నెలు వాళ్లు కడుక్కున్నారు. బాలమల్లూ ఇంకో ఇద్దరు పెద్దలూ ఇల్లిల్లూ చూసుకుని చివరన వస్తారు. వాళ్లు వచ్చి సరే అంటే తప్ప పొయ్యి ముట్టించకూడదు. పొద్దెక్కాక వచ్చారు. బాలమల్లు మైకు తీసుకున్నాడు.

"పొయ్యిలు ముట్టియ్యకుండ్రి. ఒక్క ఇంట్ల తాళమున్నది."

వెలిగించబోయిన అగ్గిపుల్లలు చేతుల్లోనే ఆగిపోయాయి.

"ఎవలింట్లరా?" అని ఎవరో అరిచారు.

"పేరు చెప్తే పోచమ్మ మొకం తిప్పుకుంటది. ఎవలదో ఆళ్లే లేవాలె. ఆ ఇంట్ల ఒక మేక మిగిలిపోయింది. దాన్ని తోలబోతే అది బొంతలు గుంజింది, ఉల్లిగడ్డలన్ని దొర్లినయి. బొంతల కింద తాళం."

ఉల్లిగడ్డలనగానే నాకు అర్థమైపోయింది. నా మేక. గుప్పెడు చింతచిగురు తినిపించి పెంచిన మేక.

నేను లేవలేదు. లేస్తే తెరవాలి. తెరిస్తే మా ఆయన చూస్తాడు. పదిహేడేళ్లు బస్సును తిట్టాడు, కండక్టర్లను తిట్టాడు, తన రాతను తిట్టుకున్నాడు. దొంగ ఇంట్లోనే ఉండి అన్నం వడ్డించిందని తెలిస్తే నా ముఖం ఇక ఎట్లా చూస్తాడు? నేను కాపాడుకున్నది ఆయననే. ఆ ఒక్క మాటతో ఆయనే పోతాడు. అందుకని చెట్టు మొదలుకు ఆనుకుని, నాకేం తెలియనట్టు ఆకులు లెక్కపెట్టాను.

పొద్దు నెత్తి మీదికి వస్తోంది. పిల్లలు ఆకలని ఏడుపు మొదలుపెట్టారు. కోసిన కోళ్లు గిన్నెల్లో, కడిగిన బియ్యం నీళ్లలో. ఇక జనం ఎవరి పాపాలు వాళ్లు ఒప్పుకోవడం మొదలైంది. ఒకడు తన బండికి తాళం వేశానన్నాడు. ఒకామె పిండిడబ్బాకు మూత గట్టిగా పెట్టాను, అది తాళం కింద వస్తుందా అని అడిగింది. మా అనిల లేచి, "పెద్దనాయినా, మా ఫోన్లకు లాకులున్నయి. గవి గూడ తీయాల్నా?" అంది.

తోటలో ఉన్న పడుచు పిల్లలందరి ముఖాలూ ఒక్కసారే పాలిపోయాయి. ఒకడైతే ఫోనును అంగీ లోపలికి తోసేసుకున్నాడు. బాలమల్లు తన జేబులోని ఫోనును ఒకసారి తడుముకున్నాడు.

"ఫోను మనిషి తోటి వచ్చింది గదా బిడ్డా. ఇంట్ల లేదు. నడుస్తది."

వాళ్లంతా అమ్మయ్య అని ఊపిరి వదిలిన ఆ గాలికి నా కొంగు కదిలిందంటే నమ్మండి.

తండా నుంచి నాకు తోడుగా వచ్చిన గోరి నా పక్కకు జరిగింది. "అక్కా, నీ నడుముకున్న చెవి ఇంటికాన్నే వదిలి వచ్చినవా, తెచ్చినవా?"

"తెచ్చిన. ఏందే?"

"ఏం లేదు. చెవి గీడున్నదంటే, తాళం ఎక్కడుంటదా అని."

అంత ఆకలిలోనూ చుట్టుపక్కల పది మంది పకపక నవ్వారు. ఒక చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఇక ఉండలేకపోయాను. చేతులు నేలకు ఆనించి లేచాను.

"నాదే. ఏమంటరు?"

"మేం ఏమంటం పెద్దవ్వా? అన్నం తింటమంటం," అన్నాడు బాలమల్లు.

మా ఆయన బీడీ ఆర్పి, చెయ్యి చాపాడు. "చెవి ఇయ్యి. నీ మోకాళ్ల తోటి ఏం నడుస్తవు? నేను పోయి తీసి వస్త."

"ఇయ్య."

"ఎందుకియ్యవు?"

"నా పెట్టె. నా పెండ్లి పెట్టె. నేనే పోత."

"ఒక్కదాన్ని తోలద్దు! బంగారం గిట్ట కొంగుల దాసుకుని వస్తది," అని వెనకనుంచి ఒక గొంతు.

"ముసలాయనకే చెవి ఇస్తలేదంటే మస్తు సొమ్ముండాలె," అని ఇంకొకటి.

బాలమల్లు తీర్పు చెప్పాడు. "పొయ్యి ముట్టియ్యనంతసేపు దినం మొదలుగానట్టే. ముగ్గురు పోండ్రి. మొగుడు, పెండ్లాం, సాక్షికి గీ కామారెడ్డి పిల్ల. జల్ది రాండ్రి, పోరగాండ్లు సస్తున్నరు."

మళ్లీ అదే సాక్షి. ఈసారి దానికి అన్ని మాటలూ వచ్చు.

ఖాళీ ఊళ్లో మీరెప్పుడైనా నడిచారా? కుక్క మొరగలేదు, కోడి కూయలేదు. మా చెప్పుల చప్పుడు మాకే వెనకనుంచి వినిపిస్తోంది. అన్ని తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. నలభై ఏళ్లుగా నన్ను లోపలికి రానివ్వని ఇళ్లు కూడా చూడు చూడు అన్నట్టున్నాయి. చూశాను, ఎందుకు చూడను? ప్రతి ఇంట్లో అవే స్టీలు గిన్నెలు, అదే టీవీ, దాని మీద అదే అల్లిన గుడ్డ, మూలకు అవే బియ్యం బస్తాలు. ఊళ్లో ఎవరింట్లో చూసినా దొంగ ఎత్తుకుపోయి సుఖపడేది ఏదీ కనిపించలేదు. మరి ఇన్ని తాళాలు ఎందుకు కొన్నామో!

మా ఇంటి ముందుకు వచ్చాక మా ఆయనతో, "నువ్వు బయటనే నిలబడు," అన్నాను.

"నిలబడ్త. కావలి పని నాకు కొత్తనా?" అని గడప పక్కన నిలబడ్డాడు, రెండు చేతులూ వెనక్కు కట్టుకుని, అచ్చం గేటు ముందర నిలబడ్డట్టు.

అనిల ఉల్లిగడ్డలు ఏరుతుంటే నేను నడుము దగ్గర చెవి విప్పాను.  తాళం తీశాను. మూత ఎత్తాను. పీలిక మూటను లాగి గబుక్కున కొంగు కిందికి తోయబోయాను. మూట లోంచి ఏదో గలగలా రాలింది.

వేపాకు.

పాత వేపాకు కాదు. ఈ వేసవిదే. ఇంకా పచ్చదనం పోలేదు, నలిపితే చేదు వాసన వస్తోంది. నేను పదిహేడేళ్లలో ఆ మూట విప్పనే లేదు. వేపాకు పెట్టనే లేదు.

"అమ్మమ్మా, ఏంది గది?" అని అనిల మూటను నా చేతిలోంచి తీసుకుని విప్పేసింది. "పాస్‌పోర్టా? తాత ఫోటో! అబ్బ, తాతకు మీసాలుండెనా?" పేజీలు తిప్పింది. "అమ్మమ్మా, దీనికి తారీఖు అయిపోయింది గదా."

"తారీఖేందే?"

"పదేండ్లే నడుస్తది. అయిపోయి ఎనిమిదేండ్లయింది. గిప్పుడిది ఉత్త కాగితం."

నేను పెట్టె అంచున కూలబడ్డాను. ఎనిమిదేళ్లు! ఎక్స్‌రే తీయించుకున్నది మూడేళ్ల కింద. అంటే నేను కుచ్చిళ్లలో దోపుకుని కాపాడింది చచ్చిన పామునా?

అప్పుడు గడప దగ్గర నుంచి మాట వినిపించింది, తాపీగా, బీడీ ముట్టించుకుంటూ.

"ఎండకాలమే మార్చిన ఆకు. గీసారి జర తక్కువ పెట్టిన, చెట్టు కొమ్మలు కరెంటోళ్లు కొట్టేసిండ్రు గదా."

నేను తలెత్తలేకపోయాను. "నీకు... ఎప్పటి సంది ఎర్క?"

"తాళం పడ్డనాటి సంది. పెండ్లినాటి నుంచి తాళం లేని పెట్టెకు నా పాస్‌పోర్టు పోయిన దినమే తాళం పడ్డది. నేను పదకొండేండ్లు కావలి కూసున్నోన్ని. దొంగ గోడ చూడడే, తలుపు చూడడు. తాళం చూస్తడు. తాళం ఎక్కడుంటే సొమ్ము గక్కడ."

"మరి చెవి? ఒకటి నా నడుముకున్నది, ఒకటి బాయిల ఏసిన."

ఆయన బీడీల డబ్బా తెరిచి, అడుగున ఉన్న కాగితం ఎత్తి, ఒక ఇత్తడి చెవి చూపించాడు. "గసుంటి తాళాలకు మూడిస్తరు."

నాకు భయం పోయి కోపం వచ్చింది. "దొరికినంక తీసుకుని పోకపోతివా మస్కట్‌కు!"

"పోవాల్నని ఎవలకున్నదే?" అన్నాడు. అప్పుడు నవ్వలేదు. "గా కుర్చీల కూసుంటే నాకు రాత్రి లేదు, పగలు లేదు. ఎవని సొమ్మో, నేను కావలి. నా ఇంటికి నువ్వు రోకలి అడ్డం పెట్టుకుని పండుతున్నవని రేఖ చెప్పింది. కానీ పోనంటే ఊరేమంటది? మా తమ్ములేమంటరు? పర్శరాములుకు చాతగాలేదు, పారిపోయి వచ్చిండు అంటరు. పాస్‌పోర్టు పోయిందంటే? అయ్యో పాపమంటరు. అందరు అయ్యో అన్నరు. చాయ్ గూడ పోసిండ్రు."

"మరి ఠాణకు పోతున్నని పోయి..."

"బజ్జీలు మంచిగుండె గదా?"

అనిల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దాని భుజాలు ఊగుతున్నాయి.

"మరి రాజన్నకు కోడె మొక్కిన అంటివి, దొరకాల్నని!"

"మొక్కిన అన్న. దొరకాల్నని ఎవడన్నడు? దేనికి మొక్కినవని నువ్వు అడిగినవా?"

ఇప్పుడు చెప్పండి. నేను ఎదురెదురు అర్జీలనుకున్నవి రెండూ ఒకటే. పాపం ఆ రాజన్న, ఒకే పనికి ఇద్దరి దగ్గరా మొక్కు పట్టినందుకు ఎంత నవ్వుకున్నాడో! నా మోకాళ్లు పట్టుకున్నది అబద్ధానికి కాదేమో, నవ్వాపుకోలేక పట్టుకున్నాడేమో.

"తాతా, తారీఖు అయిపోయింది నీకెర్కనా?" అని అడిగింది అనిల.

"ఎర్కనే. ఆ దినం మటన్ తెచ్చిన. మీ అమ్మమ్మ ఇయ్యాల ఏం పండుగయ్యా అన్నది. ఊకెనే అన్న."

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడలేదు. "అన్ని ఎర్కుండి, పాస్‌పోర్టు పోకుంటే షేకు లెక్క ఉందును, షేకు లెక్క ఉందును అని పదిహేడేండ్లు నా పానం తీస్తివి. గదెందుకు?"

మా ఆయన గడప దాటి లోపలికి వచ్చాడు. నేలమీద రాలిన వేపాకు ఏరి మూటలో పెట్టాడు.

"గట్లన్న పూట నువ్వు గుడ్ల కూర వండుతవు గదా," అన్నాడు.

చేతికి దొరికిన ఉల్లిగడ్డ విసిరాను. తగల్లేదు. కావలివాడు కదా, ఒంగి తప్పించుకున్నాడు.

తోటకు తిరిగొచ్చేసరికి ఊరంతా దారి వైపే చూస్తోంది. అనిల తాళాన్ని పైకెత్తి అందరికీ చూపించింది. బాలమల్లు చెయ్యి ఊపగానే నూరు పొయ్యిలు ఒక్కసారే ముట్టుకున్నాయి. పొగ కళ్లలోకి వస్తుంటే గోరి నా పక్కన చేరింది.

"అక్కా, గిప్పుడన్న చెప్పు. ఏముండె పెట్టెల?"

"వేపాకు," అన్నాను.

"దేవుని మీద ఒట్టెయ్యి."

"పోచమ్మ మీద ఒట్టు. గీ పోరిని అడుగు, సాక్షి."

"వేపాకేనే ఆంటీ. గుప్పెడు," అంది అనిల.

ఆ పూట తోటలో అన్నం కన్నా ఎక్కువ పంచుకున్నది ఆ వేపాకు మాటే. పదిహేడేళ్లు వేపాకుకు మస్కట్ తాళమేసిన ఆడది అని ఇప్పటికీ తండాదాకా చెప్పుకుంటున్నారు. చెప్పుకోనివ్వండి.

తాళం ఇప్పుడు మేక మెడ గొలుసుకు ఉంది. నన్ను పట్టించిన మేకకు ఆ మాత్రం శిక్ష ఉండాలి. చెవి మాత్రం నా నడుముకే ఉంది. తీసి చూశాను ఒక రోజు, నడక తప్పుతోంది. ఇన్నేళ్ల భయం ఒక్క పగటిలో పోతుందా? పోచమ్మ తల్లి ఊడ్చింది నిజమే, మూలల్లో కొంచెం మిగలదా?

మొన్న ఆదివారం మా ఆయన తెల్లచొక్కా వేసుకుని తయారయ్యాడు.

"యాడికి?"

"కామారెడ్డికి. అనిల కాలేజీ దోస్తు ఎవరో కంప్యూటర్ల కొత్త పాస్‌పోర్టు ఇట్టే చేపిస్తదట. ఒకటి చేపించుకుంటే ఇంట్ల ఉంటది గదా, అవసరానికి."

నా వైపు ఓరగా చూస్తూనే అన్నాడు. ఆటపట్టిస్తున్నాడని నాకు తెలుసు. అరవై ఆరేళ్ల మనిషికి ఎవరిస్తారు కుర్చీ? అయినా ఆయన బీడీలకోసం లోపలికి పోగానే నా చేతులు ఊరుకోలేదు. గడప దగ్గరున్న చెప్పులు తీసి పెట్టెలో వేసి మూత పెట్టాను. తాళం లేదు కదా, ఉత్త మూతే.

ఆయన వచ్చాడు. గడప వైపు చూశాడు. మంచం కింద చూడలేదు, చూరు కింద చూడలేదు, నన్ను అడగను కూడా అడగలేదు. తెల్లచొక్కా విప్పి కొయ్యకు తగిలించి, మంచం మీద వెల్లకిలా పడ్డాడు.

"చెప్పులు పోయినయే. ఇగ ఎట్ల పోత?" అన్నాడు. కాసేపటికే గురక మొదలైంది.

సాయంత్రం పాలు పితికి వచ్చాక ఆయన చెప్పులు తీసి గడప దగ్గర పెడదామని పెట్టె మూత ఎత్తాను. చెప్పులు ఉన్నాయి, పెట్టినచోటే ఉన్నాయి. వాటి మీద మాత్రం అప్పుడే తెంపిన వేపరెమ్మ ఒకటి ఉంది.